ఒక్కటే ప్రతి: బ్రిటిష్ లైట్‌వెయిట్ సైకిలు పునరుద్ధరణ – పాఠపరిష్కరణ దృష్టి

ఉపోద్ఘాతం

తెలుగు నేల మీద బ్రిటిష్ సైకిలు అనగానే స్ఫురించేది నల్లటి రంగు, నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిలు, రాడ్ బ్రేకులు, వెనుక క్యారియరు ఉన్న బరువైన వాహనం. ర్యాలీ, హంబర్, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. అనే పేర్లు ఇక్కడి వాడుకలో కలిసిపోయింది ఆ వాహనం ద్వారానే. 1949లో మద్రాసులో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్, ఆసన్‌సోల్‌లో వెలసిన సేన్-ర్యాలీ కర్మాగారం ఆ రకాన్నే ఈ దేశంలో తయారుచేశాయి. సైకిలు చరిత్రలో దాని పేరు రోడ్‌స్టర్. అదే బ్రిటన్‌లో, అదే కాలంలో, రోడ్‌స్టర్ పక్కనే మరొక సైకిలు సంప్రదాయం వర్ధిల్లింది. చిన్న దుకాణాలలో, చేతిపనిగా, కొనుగోలుదారు కొలతలకు తగినట్టు తయారైన ఆ తేలికపాటి సైకిళ్ళను లైట్‌వెయిట్ అన్నారు. నేడు వాటిని సేకరించి, బాగుచేసి, తిరిగి నడిపించే పని బ్రిటన్‌లో ఒక విద్యగా స్థిరపడింది.

ఈ విద్యకూ ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణకూ దగ్గరి పోలిక ఉంది. రెండింటిలోనూ చేతికి అందేది కాలక్రమంలో మార్పులకు లోనైన ఒక రూపం. ఏది తొలినాటిది, ఏది తరువాత చేరింది, ఏది ఎవరి పని అన్న ప్రశ్నలు రెండింటిలోనూ ఉన్నాయి. అయితే ఒక మౌలికమైన భేదమూ ఉంది. గ్రంథపరిష్కర్త తాళపత్రాన్ని చదివి వేరొక కాగితం మీద శుద్ధపాఠాన్ని రాస్తాడు. తాళపత్రం చెక్కుచెదరదు. పునరుద్ధారకుడు మాత్రం తన చేతిలోని ప్రతి మీదనే, అదీ ఉన్న ఒక్క ప్రతి మీదనే పరిష్కరణ జరుపుతాడు. ఈ భేదం పునరుద్ధారకుడి మీద మోపే బాధ్యత ఎటువంటిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లైట్‌వెయిట్ సంప్రదాయం – నేపథ్యం

1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సేఫ్టీ సైకిలు, 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో సిద్ధంచేసిన గాలి టైరు ఆధునిక సైకిలుకు పునాదులు. వేగం పెరగడంతో పందేలు పెరిగాయి. పందేలతోపాటు రోడ్డు మీద గుర్రపు బళ్ళ వారితో, పోలీసులతో తగవులు పెరిగాయి. సైక్లిస్టుల హక్కులకే ముప్పు వస్తుందని భయపడిన నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్ 19వ శతాబ్దం చివరి దశకంలో బహిరంగ రహదారులపై సామూహిక పందేలకు దూరమయింది. ఈ స్థితిలో ఫ్రెడరిక్ థామస్ బిడ్లేక్ చూపిన మార్గం టైమ్ ట్రయల్. 1895 అక్టోబరు 5న నార్త్ రోడ్ క్లబ్ 50 మైళ్ళ దూరానికి ఆ పద్ధతిలో పోటీ జరిపింది. పోటీదారులు విడివిడిగా బయలుదేరుతారు. ఎవరి సమయం వారిది, గడియారమే ప్రత్యర్థి.

ఈ పోటీలు తెల్లవారుజామున, ముందస్తు ప్రచారం లేకుండా, రహస్య సంకేతాలతో సూచించిన మార్గాలలో జరిగేవి. పోటీదారులు తలకెక్కని నల్లని దుస్తులు ధరించేవారు. పాల్గొన్నవారిలో అధికులు కార్మికులు, గుమాస్తాలు, చిన్న వృత్తులవారు. ఒకే సైకిలు మీద వారం పొడవునా పనికి వెళ్ళడం, ఆదివారం అదే సైకిలుకు పందెపు చక్రాలు తగిలించి పోటీలో దిగడం వారి జీవనరీతి. ఆ పందెపు చక్రాలను ముందు ఇరుసుకు బిగించిన కమ్మీల మీద మోసుకుంటూ పోటీ స్థలానికి తొక్కుకుంటూ వెళ్ళేవారు.

1942లో పెర్సీ స్టాలర్డ్ యూనియన్ ఆజ్ఞను ధిక్కరించి లాంగాలెన్ నుండి వుల్వర్‌హాంప్టన్ వరకు సామూహిక పందెం నిర్వహించాడు. ఆ ఏడే బ్రిటిష్ లీగ్ ఆఫ్ రేసింగ్ సైక్లిస్ట్స్ ఏర్పడింది. యూనియన్, లీగ్ వర్గాల వైరం 1959లో రెండూ విలీనమై బ్రిటిష్ సైక్లింగ్ ఫెడరేషన్‌గా మారేవరకు సాగింది. ఈ వైరం సైకిలు నిర్మాణంలోనూ కనిపిస్తుంది. టైమ్ ట్రయల్ వర్గం ఫ్రీవీలు లేని ఒంటిపళ్ళచక్రాన్ని చాలాకాలం వదలలేదు. లీగ్ వర్గం ఫ్రాన్సు, ఇటలీల గేర్లను, అక్కడి పేర్లను ఆదరించింది. లండన్ నిర్మాత హ్యారీ రెన్ష్ తన సైకిళ్ళకు పారిస్ అన్న పేరు, ఒక నమూనాకు ఆల్ప్స్ కనుమ గాలిబియే పేరు పెట్టడం ఆ అభిరుచికి నిదర్శనం.

నిర్మాణపరంగా లైట్‌వెయిట్‌కు ఆధారం ఉక్కు గొట్టం. బర్మింగ్‌హామ్‌లో మేకుల తయారీతో మొదలైన రెనాల్డ్స్ సంస్థవారు 1897లో అంచుల వద్ద మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి పేటెంటు పొందారు. అతుకు పడేచోట బలం, మిగిలినచోట తేలికదనం దాని సూత్రం. 1935లో వచ్చిన మాంగనీస్, మాలిబ్డినం కలిసిన 531 రకం ఈ సంప్రదాయానికి పర్యాయపదమయింది. అందులో సాధారణమైన ఒక కొలతలో గోడ మందం అంచున 0.8 మి.మీ., నడుమ 0.5 మి.మీ. మాత్రమే. రోడ్‌స్టర్ బరువు 18 కిలోలకు అటూ ఇటూగా ఉంటే, ఈ గొట్టాలతో కట్టిన సైకిలు సుమారు 11 కిలోలకు దిగివచ్చింది.

మూలం అంటే ఏది?

పునరుద్ధరణలో తొలి ప్రశ్న ఏ స్థితికి పునరుద్ధరించాలన్నది. కర్మాగారంలో తయారైన రోడ్‌స్టర్ విషయంలో జవాబు కొంత సులువు. ఆ ఏడాది క్యాటలాగును చూసి, ఏ నమూనాకు ఏ భాగాలు అమర్చారో తెలుసుకోవచ్చు. లైట్‌వెయిట్ విషయంలో ఈ మార్గం దారితప్పిస్తుంది. చాలామంది ఫ్రేము మాత్రమే కొని, మిగిలిన భాగాలను తమ తాహతును బట్టి, అభిరుచిని బట్టి వేర్వేరు సంస్థల నుండి సమకూర్చుకునేవారు. సీటు బర్మింగ్‌హామ్ బ్రూక్స్‌ది, క్రాంకులు విలియమ్స్‌వి లేదా చేటర్-లీవి, మడ్‌గార్డులు బ్లూమెల్స్‌వి, హబ్బులు మరొకరివి. పాత సైకిలులోని భాగాలనే కొత్త ఫ్రేముకు మార్చుకోవడమూ పరిపాటి. కాబట్టి ఫ్రేము కొత్తదై, దాని మీది సీటు ఐదేళ్ళు పాతదైన రోజే ఆ సైకిలు పుట్టినరోజు కావచ్చు.

అంటే క్యాటలాగులోని చిత్రం ఆ సైకిలుకు మూలప్రతి కాదు. అది ఒక ఆదర్శరూపం. దానికి అనుగుణంగా అన్ని భాగాలూ సేకరించి అమర్చినప్పుడు తయారయ్యేది ఎన్నడూ ఎవరూ తొక్కని సైకిలు. వేర్వేరు ప్రతులలోని మంచి పాఠాలను ఏరి కూర్చినప్పుడు, ఏ ప్రతిలోనూ లేని సంకీర్ణపాఠం ఏర్పడుతుందన్న విషయం పరిష్కరణశాస్త్రంలో తెలిసినదే. సంకీర్ణపాఠానికి ప్రయోజనం లేదని కాదు. దానిని మూలమని చెప్పడమే దోషం.

ఒక లైట్‌వెయిట్‌కు కనీసం మూడు స్థితులు మూలత్వానికి పోటీపడతాయి. దుకాణం నుండి బయటికి వచ్చిన నాటి స్థితి మొదటిది. యజమాని దానిని విరివిగా వాడి, తనకు తగినట్టు మలచుకున్న కాలపు స్థితి రెండవది. షెడ్డులోనో అటక మీదో దొరికిన నేటి స్థితి మూడవది. పునరుద్ధారకులు తరచుగా మొదటిదానినే మూలమని భావిస్తారు. కానీ చరిత్ర దృష్టిలో రెండవది ఎక్కువ విలువైనది కావచ్చు. మూడవది మిగిలిన రెంటికీ ఉన్న ఏకైక సాక్ష్యం.

కాలనిర్ణయం – అంతస్సాక్ష్యం

కవికాలనిర్ణయంలో వలెనే ఇక్కడా సాక్ష్యం రెండు విధాలు. అంతస్సాక్ష్యంలో ప్రధానమైనది ఫ్రేము సంఖ్య. పెడళ్ళ ఇరుసు తిరిగే గూడు అడుగున, లేదా వెనుక చక్రం ఇరుసు కూర్చునే కొసల మీద దీనిని అచ్చొత్తేవారు. కొందరు నిర్మాతలు అదే సంఖ్యను ఫోర్కు పైగొట్టం మీద కూడా వేశారు. రెండు సంఖ్యలు సరిపోతే ఫోర్కు ఆ ఫ్రేముతోపాటు పుట్టినదని తేలుతుంది. సరిపోకపోతే ఏదో ఒక ప్రమాదంలో మొదటి ఫోర్కు వంగిపోయి ఉండవచ్చునన్న అనుమానానికి దారి ఏర్పడుతుంది. అటువంటప్పుడు ముందువైపు గొట్టాల కింద, లగ్గుల వెనుక, రంగు ముడతలు ఉన్నాయేమో చూడాలి.

భాగాలు తమ కాలాన్ని తామే చెబుతాయి. నాటింగ్‌హామ్ స్టర్మీ-ఆర్చర్ సంస్థ తన గేరు హబ్బుల మీద తయారైన సంవత్సరాన్ని అంకెలతో అచ్చొత్తింది. 1936లో మొదలైన ఎ.డబ్ల్యు. అనే మూడు గేర్ల హబ్బు మీద సంవత్సరంతోపాటు నెల కూడా కనిపిస్తుంది. విలియమ్స్ క్రాంకుల వెనుక ఉండే అక్షరం తయారీ సంవత్సరానికి సంకేతం. రెనాల్డ్స్ గొట్టాలకు అంటించే ముద్రల రూపం కాలాన్నిబట్టి మారింది. పూత కూడా సాక్ష్యమే. 1920ల చివరి వరకు మెరుగుకు వాడింది నికెల్, ఆ తరువాత క్రోమియం వ్యాపించింది. నికెల్ మెరుపులో పసుపు ఛాయ, క్రోమియంలో నీలి ఛాయ తెలుస్తాయి.

కొలతలదీ ఇదే తీరు. సీటు గొట్టంలోకి దిగే కమ్మీ వ్యాసం 27.2 మి.మీ. దగ్గర ఉంటే అది పలుచని గోడ గల గొట్టం, అంతకంటే గణనీయంగా తక్కువైతే మందపు గొట్టం అని ఊహించవచ్చు. ముద్ర చెరిగిపోయినా కొలత చెరగదు. బ్రేకు రంధ్రానికీ రిమ్ముకూ నడుమ దూరం మరొక సాక్షి. యుద్ధానికి పూర్వం సాధారణమైన 26 × 1¼ అంగుళాల చక్రపు రిమ్ము టైరు కూర్చునేచోట 597 మి.మీ. వ్యాసం కలది. తరువాత ప్రచారంలోకి వచ్చిన 27 అంగుళాల చక్రానిది 630 మి.మీ. వ్యాసార్ధంలో తేడా 16.5 మి.మీ. కాబట్టి ఒక ఫ్రేము ఏ చక్రం కోసం కట్టినదో ఆ దూరమే చెబుతుంది.

అయితే సాక్ష్యాలన్నింటికీ సమాన బలం లేదు. చక్రాలు నిమిషాలలో మార్చుకోగలిగినవి. హబ్బు మీది తేదీ హబ్బుకే చెల్లుతుంది, ఫ్రేముకు కాదు. ప్రతి చివర ఉన్న లేఖకుడి కాలం కవికాలం కానట్టే ఇదీ. అతికిన భాగం కదలించగల భాగం కంటే బలమైన సాక్షి. అచ్చొత్తిన అంకె అంటించిన ముద్ర కంటే బలమైన సాక్షి. ఈ తారతమ్యాన్ని పాటించనప్పుడు వెనుక చక్రాన్ని చూసి సైకిలు వయసును నిర్ణయించే పొరపాటు జరుగుతుంది.

బహిస్సాక్ష్యం – కర్తృత్వ సమస్య

బహిస్సాక్ష్యం క్యాటలాగులు, పత్రికలలోని ప్రకటనలు, క్లబ్బుల రికార్డులు, నిర్మాతల ఖాతాపుస్తకాల రూపంలో ఉంటుంది. 1955లో ఏర్పడిన వెటరన్ సైకిల్ క్లబ్‌లో ఒక్కొక్క నిర్మాత సైకిళ్ళ మీద ఒక్కొక్కరు ప్రత్యేక కృషి చేసే ఏర్పాటు ఉంది. వార్విక్ విశ్వవిద్యాలయంలోని మోడర్న్ రికార్డ్స్ సెంటర్‌లో జాతీయ సైక్లింగ్ పత్రభాండాగారం ఉంది. అయినా పెక్కు చిన్న దుకాణాల ఖాతాలు దుకాణాలతోపాటే పోయాయి. అందువల్ల చాలా ఫ్రేములకు అంతస్సాక్ష్యమే దిక్కు.

ఈ లోటు నుండి కర్తృత్వ సమస్య పుడుతుంది. కొందరు నిర్మాతల పనిని చూడగానే గుర్తించవచ్చు. లండన్ టోటెన్‌హామ్‌లో హైమన్ హెచిన్ దుకాణం నుండి, జాక్ డెన్నీ చేతిపనిగా వచ్చిన ఫ్రేములలో వెనుక గొట్టాలు అలల్లా వంపుతిరిగి ఉంటాయి, లగ్గులు లతల్లా కోసి ఉంటాయి. బేట్స్ సోదరుల ఫోర్కులకు రెండు వంపులు ఉంటాయి. ఈ విచిత్ర రూపాలకు రెండు కారణాలు చెబుతారు. రోడ్డు కుదుపును తగ్గించడానికి అన్నది నిర్మాతల మాట. అమెచ్యూర్ నిబంధనల వల్ల పోటీదారుల పేరుతో ప్రచారం చేసుకునే వీలులేక, ఛాయాచిత్రంలో పేరు కనిపించకపోయినా ఆకారాన్నిబట్టి గుర్తుపట్టేందుకు అన్నది రెండవ వివరణ. మొదటిది యంత్రశాస్త్రానికి, రెండవది వ్యాపారానికి సంబంధించినది. ఒకటి నిజమైతే రెండవది అబద్ధం కానక్కరలేదు.

కానీ అధికసంఖ్యాకమైన ఫ్రేములకు ఇటువంటి ప్రత్యేకలక్షణాలు లేవు. లగ్గులను, ఫోర్కు తలలను అందరూ అవే సంస్థల నుండి కొన్నారు. రంగు, పేరు ముద్ర పోయాక ఒక సాదా ఫ్రేమును మరొకదాని నుండి వేరుచేయడం కష్టం. ఇక్కడే ప్రలోభం ఉంది. నేడు ప్రసిద్ధ నిర్మాతల పేరు ముద్రలు కొత్తగా అచ్చువేసి అమ్ముతున్నారు. పేరులేని ఫ్రేముకు పేరున్న ముద్ర అంటించడం క్షణంలో పని. శ్రీనాథుడికీ తెనాలి రామకృష్ణుడికీ అంటగట్టిన చాటువుల సంగతి తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. వేమన మకుటం ఉన్నంతమాత్రాన పద్యం వేమనది కాదన్న ఎరుక 1829లో బ్రౌన్ వేమన పద్యాలను ప్రకటించిన నాటి నుండి పరిష్కర్తలను వెన్నాడుతూనే ఉంది. ముద్ర కూడా మకుటం వంటిదే. అది కర్తృత్వాన్ని ప్రకటిస్తుందే తప్ప నిరూపించదు. నిరూపణ లేనిచోట ఫ్రేమును పేరు లేకుండా ఉంచడమే శాస్త్రీయం.

ప్రక్షిప్తమా, చరిత్రా?

ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా అసలు సమస్యను స్పష్టం చేయవచ్చు. 1930ల చివర ఒంటిపళ్ళచక్రం కోసం కట్టిన ఫ్రేము ఒకటి దొరికిందనుకుందాం. అటువంటి ఫ్రేముకు వెనుక ఇరుసు కొసలు వెనుకవైపు తెరుచుకుని ఉండాలి. కానీ ఇప్పుడు అవి ముందువైపు తెరుచుకుని ఉన్నాయి, కుడి కొసకు గేరు తగిలించే కొక్కెం ఉంది. వెనుక గొట్టాలను కొంత విడదీసి, ఐదు పళ్ళచక్రాల హబ్బుకు చోటు కల్పించారు. ఫోర్కు మీద దీపం తగిలించే గుబ్బను తరువాత అతికారు. రంగు రెండుసార్లు మారింది.

పుట్టుకస్థితిని మూలంగా భావించే పునరుద్ధారకుడు ఈ మార్పులను ప్రక్షిప్తాలని నిర్ణయిస్తాడు. కొసలను కోసివేసి పాతరకం కొసలు అతికిస్తాడు. దీపపు గుబ్బను అరగదీస్తాడు. ఫలితం చూడముచ్చటగా ఉంటుంది. అయితే పోయింది ఏమిటి? ఒక టైమ్ ట్రయల్ పోటీదారు యుద్ధం తరువాత గేర్ల వైపు మళ్ళిన క్షణం పోయింది. కొత్త ఫ్రేము కొనే స్థోమత లేక పాతదానికే కొసలు మార్పించుకున్న కార్మికుడి లెక్క పోయింది. చీకటిలో పనికి వెళ్ళే అవసరం పోయింది. ఇవి ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు. టైమ్ ట్రయల్ ఫలితాల పట్టికలలో పేరు, సమయం ఉంటాయి, సైకిలు ఉండదు. ముందస్తు ప్రచారం లేకుండా సాగిన ఈ క్రీడలో సామాన్యుడు విడిచిన రాత, ఆ ఫ్రేము మీది అతుకులే.

గ్రంథాలలోనూ ప్రక్షిప్తం పనికిరానిది కాదు. సుక్తంకర్ సంపాదకత్వంలో మొదలై 1966లో ముగిసిన భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ముద్రణ, పాఠంలో చేర్చని శ్లోకాలను పారవేయలేదు. అధస్సూచికలలోనూ అనుబంధాలలోనూ భద్రపరిచింది. అక్కడ చేర్చనిది కూడా చదువరికి అందుతుంది. అరగదీసిన దీపపు గుబ్బ ఏ అనుబంధంలోనూ దొరకదు.

రంగు పొరలు – తిరిగిరాని నష్టం

అన్నింటికంటే త్వరగా బలయ్యేది రంగు. నాటి నిర్మాతలు వాడిన ఎనామెల్‌ను కొలిమిలో కాల్చి గట్టిపరచేవారు. ఫ్లాంబోయంట్ అనే పద్ధతిలో వెండిఛాయ పూత మీద పారదర్శకమైన రంగు వేసి లోతైన మెరుపు తెప్పించేవారు. లగ్గుల అంచుల వెంట సన్నని గీతను కుంచెతో చేతిమీదుగా గీసేవారు. ఆ గీతలోని స్వల్పమైన వణుకు కూడా ఒక పనివాడి చేవ్రాలే.

నేటి సులభమార్గం ఇసుకవంటి కణాలను బలంగా చిమ్మి పాత రంగంతా ఊడగొట్టి, పొడిరంగు చల్లి కాల్చడం. దీనివల్ల మూడు నష్టాలు ఉన్నాయి. 0.5 మి.మీ. గోడ గల గొట్టం ఆ తాకిడికి మరింత పలుచబడవచ్చు. అచ్చొత్తిన సంఖ్యల అంచులు మొద్దుబారతాయి. మందపు పొడిరంగు లగ్గుల పదునైన అంచులను కప్పేస్తుంది. వీటికంటే పెద్ద నష్టం, కింది పొరలలో నిలిచి ఉన్న రంగుల క్రమం ఒక్క గంటలో అదృశ్యం కావడం.

పొరలను చదవడానికి నిదానమైన పద్ధతి ఉంది. కంటికి కనిపించని చోట, ఉదాహరణకు పెడల్ ఇరుసు గూడు అడుగున, సన్నని గరుకు కాగితంతో తడిపి రుద్దుతూ చిన్న కిటికీ తెరవాలి. అంచుల నుండి నడుమకు మెట్లు మెట్లుగా లోతు పెంచితే పై రంగు, దాని కింది రంగు, అడుగు పూత వలయాలుగా బయటపడతాయి. తలగొట్టం మీది బిళ్ళ కింద, పంపు కొక్కేల చుట్టూ తొలి రంగు తాజాగా మిగిలి ఉంటుంది. తొలి పొర ఎక్కువగా మిగిలి ఉంటే, పై పొరలను కొద్దికొద్దిగా తొలగించి దానినే పైకి తేవచ్చు. అప్పుడు కనిపించే గీతలు, మచ్చలు లోపాలు కావు.

బ్రిటన్‌లో ఈ చర్చ సైకిలు కంటే పాతది. 1849లో జాన్ రస్కిన్ కట్టడాల పునరుద్ధరణను తీవ్రంగా ఖండించాడు. 1877లో విలియం మారిస్ పురాతన కట్టడాల సంరక్షణకు ఒక సంఘాన్ని స్థాపించాడు. చర్చి గోడల మీది పాత పూతను గీకివేయడాన్ని నిరసించిన ఆ సంఘానికి గీకుడు వ్యతిరేకులు అన్న అర్థమిచ్చే ముద్దుపేరు స్థిరపడింది. ఫ్రాన్సులో వియొలె-ల-ద్యూక్ దీనికి భిన్నంగా, కట్టడానికి సంపూర్ణరూపం ఇవ్వడమే పునరుద్ధరణ అన్న మార్గాన్ని అనుసరించాడు. సైకిలు రంగును ఊడగొట్టాలా, ఉంచాలా అన్న నేటి వివాదం ఆ రెండు మార్గాల వివాదానికి కొనసాగింపు.

పోలికకు పరిమితి – నడవవలసిన వస్తువు

పాఠపరిష్కరణతో పోలికను ఒక హద్దు దాటి లాగరాదు. తాళపత్రం ఎవరినీ మోయదు. సైకిలు మనిషిని మోయాలి, వాలులో ఆగాలి. పగులు వచ్చిన ఫోర్కును సాక్ష్యమన్న పేరుతో రోడ్డు మీదికి తేవడం ప్రాణాలతో చెలగాటం. టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు, తీగలు అరగడానికే పుట్టినవి. వాటిని మార్చడం పాఠాన్ని మార్చడం కాదు. పెద్దగా వాడిన సైకిలు తన తొలి టైర్లతో ఎన్నడూ మిగలదు.

విప్పే పనిలోనూ సాక్ష్యం చెడవచ్చు. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తెలుగునాట సైకిలు షాపులకూ బాగా తెలిసినదే. దానిని ఆసరా లేకుండా సుత్తితో కొడితే దెబ్బ లోపలి గోళీలకూ గిన్నెకూ తగులుతుంది. క్రాంకు కింద గట్టి ఆసరా పెట్టాలి, లేదా మరతో నొక్కే పనిముట్టు వాడాలి. కుడివైపు గిన్నెకు ఎడమ మర ఉంటుందని తెలియక అలవాటుగా తిప్పినవారు దానిని మరింత బిగిస్తారు. అందులో అంగుళానికి 24 మరచుట్లన్నది బ్రిటిష్ ప్రమాణమైతే, ర్యాలీ తన సొంత 26 చుట్ల మరను వాడింది. ఈ తేడా గమనించక కొత్త గిన్నెను బలవంతంగా తిప్పితే గూడు శాశ్వతంగా పాడవుతుంది. సీటు గొట్టంలో పట్టేసిన అల్యూమినియం కమ్మీని నూనెతో, వేడితో, ఓపికతో తీయాలి. ఓపిక లేని పట్టకారు సంఖ్య ఉన్న కొసనే వంచుతుంది. లిపి తెలియని చేతికి తాళపత్రం ఇచ్చినట్టే ఇదీ.

పరిష్కరణ పద్ధతి

పై చర్చ నుండి కొన్ని సూత్రాలను క్రోడీకరించవచ్చు. మొదటిది, ఒక్క మరను కూడా విప్పకముందే సైకిలును దొరికిన స్థితిలో అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసి, కొలతలను, సంఖ్యలను, పొరలను రాసిపెట్టాలి. ఇది ప్రతివర్ణన. రెండవది, భాగాలను రెండుగా విభజించాలి. అరిగిపోయేవి మార్చవచ్చు. సాక్ష్యాన్ని మోసేవి మార్చవలసివస్తే, తీసిన భాగానికి చీటీ కట్టి సైకిలుతోపాటే భద్రపరచాలి. చక్రాలు, హబ్బులు, సీటు రెండవ వర్గంలోనివి.

మూడవది, వెనక్కి తిప్పగల మార్పుకే ప్రాధాన్యం ఇవ్వాలి. బిగించిన దానిని విప్పవచ్చు. కోసినదానిని, అరగదీసినదానిని తిరిగి తేలేము. మెరుగుపూత మళ్ళీ వేయించాలంటే ముందు పాత లోహాన్ని సానపట్టాలి. ఆ సానలో తయారీ ముద్రలూ అరుగుతాయి. కాబట్టి తుప్పును ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణంలో నానబెట్టి తీసి, మైనంతో రక్షించడం చాలాచోట్ల సరిపోతుంది. నాలుగవది, ఏ స్థితిని లక్ష్యంగా ఎంచుకున్నారో, ఎందుకో స్పష్టంగా చెప్పాలి. 1938 నాటి స్థితి అయినా, 1952 నాటి స్థితి అయినా ఎంపిక సమర్థనీయమే. చెప్పని ఎంపికే సమర్థనీయం కాదు. ఐదవది, ఊహించి చేర్చినదానిని ఊహ అని గుర్తుపెట్టాలి. కొత్త ముద్ర అంటిస్తే కనిపించని చోట ఆ సంవత్సరం రాయడం పెద్ద పని కాదు.

ఈ వివరాలతో రాసిన కాగితం సైకిలుకు పీఠిక వంటిది. యజమాని మారినప్పుడు అది సైకిలుతోపాటు వెళ్ళాలి. తొలి యజమాని పేరు, క్లబ్బు, పని స్థలం కుటుంబం నుండి తెలిసే అవకాశం ఉన్నప్పుడు వారి అనుమతితో వాటినీ అందులో చేర్చాలి. వృద్ధ సైక్లిస్టు మరణించాక సైకిలు అమ్మకానికి వచ్చే వేళ, సైకిలుకూ ఆ జ్ఞాపకానికీ ఉన్న ముడి సాధారణంగా తెగిపోతుంది. ఆ తరువాత ఫ్రేము సంఖ్య నిర్మాతను చెప్పగలదేమో గాని, తొక్కినవారిని చెప్పలేదు.

ముగింపు

బ్రిటిష్ లైట్‌వెయిట్ సైకిళ్ళను నిర్మించిన దుకాణాలలో అధికభాగం 1950ల తరువాత మోటారు వాహనాల వ్యాప్తితో మూతపడ్డాయి లేదా పేరు మాత్రం అమ్ముకున్నాయి. క్లాపమ్‌లో వెలుగొందిన క్లాడ్ బట్లర్ పేరు కూడా ఆ దశకంలోనే హోల్డ్‌స్‌వర్త్ సంస్థకు చేరింది. మిగిలినవి సైకిళ్ళే. ఆ ఫ్రేములను క్యాటలాగు చిత్రాల్లా మెరిపించినప్పుడు నిర్మాత కీర్తి నిలుస్తుంది, తొక్కినవారి చరిత్ర చెరుగుతుంది. మార్పులను చదివి, నమోదుచేసి, వీలైనంతవరకు నిలిపినప్పుడు రెండూ నిలుస్తాయి.

బ్రౌన్ పండితుల చేత ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించినా, ప్రతులను కూడా సేకరించి దాచాడు. అందువల్ల ఆయన నిర్ణయాలతో విభేదించే అవకాశం తరువాతి తరాలకు మిగిలింది. పునరుద్ధారకుడి పనిని తూచవలసిన ప్రమాణమూ ఇదే. అతని నిర్ణయం తప్పని రేపు మరొకరు నిరూపించగలిగేటంత సాక్ష్యాన్ని అతడు ఆ ఒక్క ప్రతిలో మిగల్చాలి.